పింగ్ తగ్గించే పెట్టె ఏది?

ఇంట్లో ఆటగాడు ఒకడు, ఓటీటీ చూసేవాళ్లు ఇద్దరు, ఆఫీసు మీటింగులో ఒకరు. అందరికీ కలిపి రౌటర్ ఒక్కటే. కొత్తది కొందామని షాపుకెళితే ఆరు యాంటెన్నాలు, ఎర్ర లైట్లు, నాలుగంకెల వేగం, పైన ‘గేమింగ్’ అన్న ముద్ర కనబడతాయి. వైఫై 6, వైఫై 7 లాంటి పేర్లకు వెనకాల ప్రమాణాలున్నాయి గానీ ఈ ముద్రకు అలాంటిదేమీ లేదు. ఏ కంపెనీ అయినా దేనిమీదైనా వేసుకోవచ్చు. అందుకే డబ్బా మీద రాయని సంగతులు కొన్ని తెలుసుకుందాం.

ఆట తినేది పిసరంతే

ఆన్‌లైన్ షూటింగ్ ఆట గంటసేపు ఆడితే ఖర్చయ్యే డేటా సాధారణంగా పదుల ఎంబీల నుంచి కొన్ని వందల ఎంబీల వరకు ఉంటుంది. అదే గంటసేపు నెట్‌ఫ్లిక్స్‌లో 4కే సినిమా చూస్తే 7 జీబీ దాకా అవుతుంది. మ్యాపులు, తుపాకులు, బొమ్మలు అన్నీ ముందే డౌన్‌లోడ్ అయి ఉంటాయి. ఆడేటప్పుడు వచ్చిపోయేది ఎవరు ఎక్కడున్నారు, ఎటు కదిలారు, ఎవరిని కాల్చారు అన్న చిన్న చిన్న కబుర్లే. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300కి మార్చుకుంటే ఆట తొందరగా దిగుతుంది. పింగ్ మాత్రం చాలాసార్లు ఉన్నచోటే ఉంటుంది.

ఒక్క సాయంత్రంలో రాసిన కొలబద్ద

గేమర్లు రోజూ తిట్టుకునే ఈ పింగ్ 1983 డిసెంబరులో పుట్టింది. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో మైక్ మూస్ అనే ప్రోగ్రామర్‌కు నెట్‌వర్క్‌లో ఏదో తేడా కనబడింది. అదేమిటో పట్టుకోవడానికి ఒక్క సాయంత్రంలో చిన్న ప్రోగ్రాం రాసేశాడు. జలాంతర్గాములు శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని ఎప్పుడు తిరిగొస్తుందో చూసే పద్ధతే దీనికి ఆధారం. మనం చూసే పింగ్ అంకె కూడా అంతే: వెళ్లిన కబురు తిరిగి రావడానికి పట్టిన మిల్లీసెకండ్లు.

కాంతిని మించి ఏ రౌటరూ పోలేదు

ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి వెయ్యి కిలోమీటర్లకు రానూ పోనూ 10 మిల్లీసెకండ్లు. హైదరాబాద్ నుంచి ముంబయి నేరుగా కొలిస్తే 600 కిలోమీటర్ల పైచిలుకు కాబట్టి కనీసం 6 మిల్లీసెకండ్లు పడుతుంది. సింగపూర్‌కైతే దాదాపు 33. డాలస్ 14 వేల కిలోమీటర్ల పైనే ఉంది గనక 140 దాటుతుంది. తీగలు సరళరేఖలో సాగవు, దారిలో మజిలీలూ ఉంటాయి. అసలు అంకె ఎప్పుడూ ఇంతకంటే ఎక్కువే. 2020లో వచ్చిన వాలరెంట్ ఆటకు అదే ఏడాది ముంబయిలో సర్వర్లు పెట్టారు. మన కుర్రాళ్లు పండగ చేసుకున్నది అందుకే. డాలస్‌లోని బాబాయి కొడుకుతో అమెరికా సర్వర్‌లో ఆడే గుంటూరు కుర్రాడికి ఎంత ఖరీదైన రౌటర్ కొనిచ్చినా ఆ 140 కరగదు.

పంతంగి దగ్గర పద్మవ్యూహం

మరి రౌటర్ చేతిలో ఉన్నదేమిటి? ఇంట్లో జరిగే ఆలస్యం. అందులో పెద్ద దొంగ వరుస.

సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరినవాళ్లకు పంతంగి టోల్‌ప్లాజా గుర్తుండే ఉంటుంది. కారులో లోపం లేదు, రోడ్డూ బాగానే ఉంది, ముందున్న బారే ప్రాణం తీస్తుంది. ఇంట్లో ఎవరో ఫోన్‌లోని వీడియోలు క్లౌడ్‌కు ఎక్కిస్తున్నప్పుడు రౌటర్‌లో జరిగేది ఇదే. లైను మోయగలిగినదాని కంటే ఎక్కువ డేటా వస్తే రౌటర్ దాన్ని మెమరీలో పేర్చుకుంటుంది. మెమరీ చవకయ్యాక తయారీదారులు ఆ జాగాను విచ్చలవిడిగా పెంచారు. ఆట పంపిన చిన్న కబురు ఆ వీడియో ముక్కల వెనకాల నిలబడిపోతుంది. 20 ఉండాల్సిన పింగ్ 200 దాటుతుంది. స్పీడ్ టెస్ట్ మాత్రం ‘అంతా బాగుంది’ అంటుంది.

దీన్ని 2010లో వెలుగులోకి తెచ్చినవాడు జిమ్ గెటిస్. ఇంట్లోంచి పెద్ద ఫైళ్లు పంపుతుంటే నెట్ మొత్తం మొరాయించడం చూసి కారణం తవ్వి తీశాడు. ఈ జబ్బు పేరు బఫర్‌బ్లోట్. 2012లో కాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ కలిసి ‘కోడెల్’ అనే మందు కనిపెట్టారు. వరుస ఎంత పొడుగుందన్నది అది పట్టించుకోదు. ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో లెక్కగడుతుంది. మరీ ఎక్కువసేపు నిలబడితే కొన్నిటిని వదిలేసి, పంపేవాళ్లు వేగం తగ్గించుకునేలా చేస్తుంది. దీనికే మెరుగులు దిద్దిన ‘ఎఫ్‌క్యూ కోడెల్’ ఒక్కో కనెక్షన్ డేటాకు వేరే వరుస పెట్టి, చిన్న కబుర్లను ముందు పంపుతుంది.

కొనేముందు రౌటర్‌లో ఎస్‌క్యూఎం గానీ, ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ లాంటి పేర్లు గానీ ఉన్నాయేమో చూడండి. ఉంటే అందులో వేగాన్ని లైను అసలు వేగంలో 90–95 శాతానికి కట్టాలి. ఆ కాస్త వేగం వదులుకుంటే వరుస మన రౌటర్ అదుపులో ఉంటుంది. సందడిగా ఉండే ఇంట్లో ఆటగాడికి ఇంతకు మించిన వరం లేదు.

డబ్బా మీద కూడిక

ఏసీ1200 అని రాసి ఉంటే 1200 ఎంబీపీఎస్ వస్తుందనుకోవద్దు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867. రెండూ కలిపితే 1167, దాన్ని పైకి సవరిస్తే 1200. ఏఎక్స్3000 కూడా అంతే: 574కు 2402 కలిపారు. ఫోన్ మామూలుగా ఒకసారి ఒక బ్యాండు మీదే ఉంటుంది కాబట్టి ఆ మొత్తం ఏ ఒక్క పరికరానికీ దక్కదు. పైగా ఇవి కాగితం మీది లెక్కలు, చేతికందేది ఇంకా తక్కువ.

నాలుగు తీగలా, ఎనిమిదా?

వైఫై వేగం ఘనంగా రాసిన చవక రౌటర్లలో కొన్నిటికి వెనక పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా దాంట్లోంచి వందే దూరుతుంది. ‘గిగాబిట్’ పోర్టులని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి. ఇంకో మాయ కేబుల్‌లో ఉంది. ఈథర్నెట్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. క్లిప్పులో ఒక్క తీగ సరిగా అంటకపోయినా కనెక్షన్ చప్పుడు చేయకుండా వందకు దిగిపోవచ్చు.

వంటింటి బ్యాండు

మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. వైఫై పాత బ్యాండూ అక్కడే. ఇది కాకతాళీయం కాదు. ఓవెన్ల వంటివాటి రొద ఎలాగూ ఉండే ప్రాంతమని దాన్ని పరిశ్రమలకు, వైద్యానికి వదిలేశారు. 1985లో అమెరికా అక్కడే లైసెన్సు లేని రేడియోలకు తలుపులు తెరిచింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కు లైసెన్సు బెడద 2005లో తొలగింది. ఈ బ్యాండులో ఒకదాన్నొకటి రాసుకోని చానళ్లు మూడే: 1, 6, 11. ముప్ఫై ఫ్లాట్ల అపార్టుమెంటులో ముప్ఫై రౌటర్లూ ఈ మూడింటినే పంచుకోవాలి. ఆట ఆడే పరికరాన్ని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చేసి, స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు లాంటివాటిని ఇక్కడ వదిలేయడం మేలు. వాటిలో చాలావాటికి వేరే బ్యాండు రాదు కూడా.

అన్నట్టు యూఎస్‌బీ 3 పరికరాలు కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయని 2012లో ఇంటెల్ సంస్థే ఒక పత్రంలో చూపించింది. హార్డ్ డిస్క్ పక్కనే గుచ్చిన వైర్‌లెస్ మౌస్ తడబడితే రౌటర్‌ను తిట్టకండి.

రాడార్ వస్తే దారి ఇవ్వాలి

5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 52 నుంచి 144 దాకా ఉన్న చానళ్లను చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. వాతావరణ రాడార్లూ అందులో ఉన్నాయి. అలాంటి చానల్ ఎక్కే ముందు రౌటర్ కనీసం ఒక నిమిషం చెవి ఒగ్గి వినాలి. రాడార్ అలికిడి తగిలితే పది సెకన్లలో ఖాళీ చేయాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. ఆట మధ్యలో ఉన్నట్టుండి వైఫై ఎగిరిపోవడానికి ఇదొక కారణం. విమానాశ్రయం దగ్గర ఉండేవాళ్లు 36–48 మధ్య చానల్ పెట్టుకుంటే ఈ తంటా ఉండదు.

బీరువా పక్కన పెట్టొద్దు

ఇనప బీరువా, పెద్ద అద్దం, చేపల తొట్టి, కాంక్రీటు స్లాబు: వైఫైకి ఈ నాలుగూ పడవు. లోహం తిప్పికొడుతుంది, నీరు మింగేస్తుంది. యాంటెన్నా కొసను మంచం వైపు గురిపెట్టినా లాభం లేదు. కడ్డీ యాంటెన్నా తరంగాలు దాని పక్కలకు గారె ఆకారంలో విస్తరిస్తాయి, కొసల వైపు బలహీనం. ఒకే అంతస్తయితే నిలువుగా ఉంచండి. మేడ మీదికి కూడా కావాలంటే ఒకదాన్ని పడుకోబెట్టి చూడండి.

గోడలకు తగిలి చెదిరిన తరంగాలను సరిచేసే గణితానికి ఆస్ట్రేలియా సంస్థ సీఎస్ఐఆర్ఓ 1996లో అమెరికా పేటెంటు పొందింది. ఆ బృందంలోని జాన్ ఓసలివాన్ అంతకుముందు చిన్న కృష్ణబిలాల పేలుళ్ల సంకేతాల కోసం ఆకాశాన్ని గాలించినవాడు. కృష్ణబిలాలు దొరకలేదు గానీ ఆ విద్య వైఫైకి అక్కరకొచ్చింది.

ఒకరి తర్వాత ఒకరు

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య ‘అలోహానెట్’ అనే రేడియో నెట్‌వర్క్ నడిపింది. అందరికీ ఒకటే చానల్, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పాడవుతుంది, కాసేపాగి మళ్లీ చెప్పాలి. వైఫై ఆ వంశంలోదే. ఒక చానల్ మీద ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి. మూల గదిలోని పాత ఫోన్ నత్తనడకన మాట్లాడుతుంటే కొత్త ఫోన్లూ ఆగాలి. వైఫై 6 ఈ పద్ధతిని కొంత మార్చింది. 20 మెగాహెర్ట్జ్ చానల్‌ను ముక్కలు చేసి ఒకేసారి తొమ్మిది పరికరాల దాకా పంచగలదు. అయితే పరికరం కూడా వైఫై 6 అయి ఉండాలి.

ఇంట్లో ఏముందో చూసుకున్నాకే రౌటర్ ఎంచుకోమనేది ఇందుకే. మొదటి ప్లేస్టేషన్ 4కు 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే వచ్చు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో ఉన్నది వైఫై 5. ప్లేస్టేషన్ 5లో వైఫై 6 ఉంది. వీటి కోసం వైఫై 7 రౌటర్ కొంటే అదనంగా పెట్టిన డబ్బు షోకేసుకే.

అమెరికా నుంచి తెచ్చిన పెట్టె

అమెరికా 2020లో 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో 1200 మెగాహెర్ట్జ్ జాగాను వైఫైకి వదిలింది. మన కేంద్ర ప్రభుత్వం 2025 మేలో విడుదల చేసిన ముసాయిదా దిగువ 500 మెగాహెర్ట్జ్‌కే సంబంధించినది. అక్కడి రౌటర్లలో చానళ్లు, శక్తి పరిమితులు అక్కడి నిబంధనలకు తగ్గట్టు బిగించి ఉంటాయి. సెలవులకొచ్చే బంధువులతో తెప్పించుకునే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

రౌటర్ వెనక రౌటర్

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, నెట్ ఇస్తామన్న పథకమది. అదే ఏడాది మార్చిలో హైదరాబాద్‌లో ఏసీటీ సంస్థ ఒక గిగాబిట్ ప్లాన్ తెచ్చింది. సంస్థ ఏదైనా ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే పెట్టె చాలాసార్లు దానికదే ఒక రౌటర్. దాని వెనక మనం కొన్నది తగిలిస్తే చిరునామాలు రెండుసార్లు మారతాయి. వాయిస్ చాట్ కలవకపోవడం, ఆటగదిలో చేరలేకపోవడం దీనివల్లే కావచ్చు. మొదటి పెట్టెను ‘బ్రిడ్జ్ మోడ్’లో పెట్టమని లైన్‌మన్‌ను అడగండి. లేదంటే మన రౌటర్‌ను ‘యాక్సెస్ పాయింట్’గా మార్చుకోవచ్చు, కానీ అప్పుడు వరుసను అదుపు చేసే పని దాని చేతిలో ఉండదు.

ఆట కోసం పుట్టిన మహమ్మారి

2016లో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టిన ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రాం పాస్‌వర్డు మార్చని రౌటర్లనూ కెమెరాలనూ లొంగదీసుకుంది. దాన్ని తయారుచేసిన కుర్రాళ్ల తొలి గురి ప్రత్యర్థుల మైన్‌క్రాఫ్ట్ సర్వర్లే. రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డును మొదటిరోజే మార్చేయాలి.

నెలకు ఏడు యూనిట్లు

సుమారు 10 వాట్లు తీసుకునే రౌటర్ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 7 యూనిట్ల కరెంటు. చాలా రౌటర్లు 12 వోల్టులతో నడుస్తాయి కాబట్టి అరచేతంత మినీ యూపీఎస్ సరిపోతుంది. రౌటర్‌తో పాటు ఫైబర్ పెట్టెకూ అది పెట్టాలి సుమా.

కొనేముందు ఒక పరీక్ష

కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు పింగ్ చూడండి. అప్పుడే ఎక్కువగా ఉంటే లోపం లైనులోనో, దూరాన ఉన్న సర్వర్‌లోనో ఉంది. కొత్త రౌటర్ దండగ. ఎవరైనా వీడియో ఎక్కించడం మొదలుపెట్టగానే పెరిగితే వరుసను అదుపు చేసే రౌటర్ కావాలి. కేబుల్ మీద నిలకడగా ఉండి వైఫైలో మాత్రమే ఎగిరిపడుతుంటే ముందు చానల్, పెట్టిన చోటు మార్చి చూడాలి. అదీ కుదరకపోతే కన్సోల్ దాకా కేబుల్ లాగించండి. రౌటర్ ధరలో చిన్న వంతుతో పని అయిపోతుంది.