పసిఫిక్ పొగమంచు, సోనోమా ద్రాక్ష

ఫ్రీమాంట్, శాన్ హోసే, సన్నీవేల్ ఊళ్ళలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే ఒక శని ఆదివారాల ప్రయాణం దాదాపు ఖాయం. శనివారం నాపా, సోనోమా లోయల్లో ద్రాక్షతోటలు. రాత్రికి పెటలూమాలోనో సాంటా రోసాలోనో బస. ఆదివారం బొడేగా బే దగ్గర సముద్రం. జులైలో ఈ దారిన వెళ్ళినవాళ్ళందరూ ఒక విడ్డూరం గమనిస్తారు. నాపా లోయ ఉత్తరపు కొసన ఉన్న కాలిస్టోగాలో మధ్యాహ్నం 35 డిగ్రీల సెల్సియస్ ఎండ మాడ్చేస్తుంటుంది. అక్కడి నుంచి కారులో పడమటికి గంటన్నర ప్రయాణిస్తే బొడేగా బేలో 15, 16 డిగ్రీలే ఉంటుంది. చలిగాలి చెవుల్లోకి దూరుతుంది. ఎదురుగా ఉన్న కొండ కూడా పొగమంచులో కనిపించదు.

తోటలు వేరు, సముద్రం వేరు అనుకుని రెంటినీ విడివిడిగా చూసి తిరిగివచ్చేవాళ్ళే ఎక్కువ. నిజానికి మొదటి రోజు చూసిన ద్రాక్ష గుత్తికి ఆ రుచి ఇచ్చింది రెండో రోజు చూసే సముద్రమే. అంతకంటే కచ్చితంగా చెప్పాలంటే, ఆ సముద్రపు చలి.

వేసవిలో కూడా ఈ తీరంలో నీటి ఉష్ణోగ్రత 10 నుంచి 13 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఉత్తరం నుంచి దిగివచ్చే కాలిఫోర్నియా ప్రవాహం ఒక కారణం. అసలు కారణం గాలి. వసంతం నుంచి వేసవి చివరిదాకా ఇక్కడ వాయవ్య దిశ నుంచి తీరం వెంబడే గాలి బలంగా వీస్తుంది. గాలి ఎటు తోస్తే నీరు అటే పోతుందని మనం అనుకుంటాం. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల అలా జరగదు. నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893లో బయలుదేరి ఆర్కిటిక్‌లో ఓడతో సహా మంచులో చిక్కుకుని సాగిన రోజుల్లో, మంచుపలకలు గాలి దిశలో కాకుండా దానికి కుడివైపుకు జరుగుతున్నాయని గమనించాడు. స్వీడన్‌కు చెందిన ఎక్మన్ ఆ లెక్క తేల్చి 1905లో ప్రచురించాడు. ఉత్తరార్ధగోళంలో గాలి కదిలించిన పైపొర నీరు మొత్తం మీద గాలికి కుడివైపుకు తిరుగుతుంది. కాలిఫోర్నియాలో గాలికి కుడివైపు ఉన్నది నడిసముద్రం. పైనీరు తీరం వదిలి అటు జరిగిపోతే, ఖాళీ అయిన చోటును నింపడానికి అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. శాస్త్రజ్ఞులు దీన్ని అప్‌వెల్లింగ్ అంటారు.

ఇది మన తీరానికి కొత్త సంగతి కాదు. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్, అక్కడివారితో కలిసి విశాఖపట్నం తీరంలో ఇదే ప్రక్రియను పరిశీలించాడు. ఎండాకాలంలో నైరుతి నుంచి తీరం వెంబడి వీచే గాలి అక్కడా పైనీటిని సముద్రం లోపలికి తోస్తుంది, అడుగునీరు పైకి తేలుతుంది. అయితే బంగాళాఖాతం మొత్తంగా వెచ్చటి సముద్రం. పైగా గంగ, గోదావరి, కృష్ణ వంటి నదులు తెచ్చే మంచినీరు ఉప్పునీటి మీద తేలికపాటి పొరగా పరుచుకుని అడుగునీటిని సులువుగా పైకి రానివ్వదు. అందుకే మే నెలలో భీమిలి ఒడ్డున నిలబడితే ఒళ్ళంతా ఉక్కపోతే తప్ప పొగమంచు మాట ఉండదు.

బొడేగా బేలో అలా కాదు. నడిసముద్రం మీద తేమ నింపుకున్న గాలి తీరం దగ్గరి చల్లటి నీటి మీదికి రాగానే చల్లబడి, అందులోని ఆవిరి సన్నటి బిందువులుగా మారుతుంది. అదే పొగమంచు. అది పైకి లేచి చెదిరిపోకుండా ఆపేది మరొకటి ఉంది. వేసవిలో ఉత్తర పసిఫిక్ మీద తిష్ఠ వేసే అధిక పీడనం వల్ల పైనుంచి గాలి నెమ్మదిగా కిందికి దిగుతూ నొక్కుకుని వేడెక్కుతుంది. కింద చల్లగాలి, పైన వేడిగాలి. భూగోళ పాఠాల్లో ఉష్ణోగ్రతా విలోమం అని చదువుకున్నది ఇదే. కుండ మీద మూకుడు బోర్లించినట్టు ఆ వేడి పొర కింద మంచు అణిగి ఉండిపోతుంది. తీరపు కొండలు అడ్డం ఉంటే అక్కడే ఆగిపోతుంది.

ఆ కొండల్లో సందులున్నాయి. ద్రాక్ష కథంతా ఆ సందుల్లోనే ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి లోపలి మైదానం కాలిపోయి, అక్కడి గాలి వ్యాకోచించి పైకి లేస్తుంది. ఆ వెలితి తీర్చడానికి సముద్రపు గాలి ఏ దారి దొరికితే ఆ దారిన లోపలికి చొరబడుతుంది. బొడేగా బే, టోమాలెస్ అఖాతాల మధ్య నుంచి పెటలూమా మీదుగా సాన్ పాబ్లో అఖాతం దాకా ఉన్న పల్లపు దారి వాటిలో ముఖ్యమైనది. పెటలూమా గ్యాప్ అనే ఈ దారిని 2017లో ప్రత్యేక ద్రాక్ష ప్రాంతంగా అమెరికా ప్రభుత్వం గుర్తించింది. గుర్తింపుకు ఆధారం మట్టి కంటే గాలే కావడం నాకు ఎంతో నచ్చిన విషయం. రష్యన్ నది లోయ మరో దారి. సాయంత్రం మంచు నది వెంబడి పాకుతూ వచ్చి, రాత్రంతా తోటల మీద ఉండి, మర్నాడు పొద్దెక్కాక వెనక్కి పోతుంది. నాపా లోయలోకి చలి దక్షిణాన సాన్ పాబ్లో అఖాతం వైపు నుంచి వస్తుంది. అందుకే అక్కడ లెక్క తలకిందులు. దక్షిణపు కొసన ఉన్న కార్నెరోస్ చల్లగా ఉంటుంది, ఉత్తరాన ఉన్న కాలిస్టోగా వేడిగా ఉంటుంది.

పగలు 30 దాటిన ఎండ, రాత్రి 12 డిగ్రీల చలి. ద్రాక్ష కాయకు ఈ తేడా ఏం చేస్తుంది?

పగటి ఎండలో ఆకులు కిరణజన్య సంయోగక్రియతో చక్కెర తయారుచేసి కాయకు పంపుతాయి. కాయ రంగు తిరిగే దశ నుంచి తీపి పెరుగుతూ పోతుంది, పులుపు తగ్గుతూ వస్తుంది. పులుపుకు మూలం టార్టారిక్, మాలిక్ ఆమ్లాలు. టార్టారిక్ ఆమ్లం గట్టిది, వేడికి అంతగా తగ్గదు. మాలిక్ ఆమ్లాన్ని మాత్రం కాయ తన శ్వాసక్రియలో ఖర్చుపెట్టేస్తుంది. వేడి ఎంత ఎక్కువైతే ఖర్చు అంత ఎక్కువ. రాత్రి కూడా వేడిగా ఉండే చోట కాయ తీపెక్కేలోగా పులుపు హరించుకుపోతుంది, రసం చప్పబడుతుంది. రాత్రి మంచు దిగే చోట ఆ ఖర్చు తగ్గి, తీపీ పులుపూ రెండూ నిలుస్తాయి. తోలుకు ఎరుపు, నీలం రంగులిచ్చే ఆంథోసయనిన్లు కూడా తీవ్రమైన వేడిలో సరిగా తయారుకావు. కాయ చల్లగా, నిదానంగా పక్వానికి రావడం వల్ల తోలులోని వగరు మెత్తబడటానికి, వాసనలు కుదురుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఏ చోట ఏ ద్రాక్ష వేయాలో దీన్నిబట్టే తేలుతుంది. పల్చటి తోలు ఉండే పినో నోర్ చలి తగిలే రష్యన్ నది లోయలో, కార్నెరోస్‌లో బాగా వస్తుంది. మందపాటి తోలు ఉన్న కాబర్నే సావిన్యోన్‌కు నాపా నడిలోయ ఎండ కావాలి. 1944లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాస్త్రజ్ఞులు అమరీన్, వింక్లర్ దీన్ని లెక్కలోకి తెచ్చారు. ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా రోజువారీ సగటు ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను ఎంత మించిందో కూడుతూ పోయి, ఆ మొత్తాన్నిబట్టి రాష్ట్రాన్ని 5 మండలాలుగా విభజించారు. 1976లో పారిస్‌లో పేర్లు కప్పిపెట్టి ఫ్రెంచి నిపుణులతో రుచి చూపించిన పోటీలో తెలుపులోనూ ఎరుపులోనూ నాపా వైనరీలకే మొదటి స్థానం దక్కింది. ఆ గెలుపులో తయారీదారుల నైపుణ్యంతో పాటు చలిరాత్రుల వాటా కూడా ఉందని నా నమ్మకం.

హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ళకు పాకిన అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవాళ్ళకు ఇక్కడ మరో తేడా కనిపిస్తుంది. సోనోమాలో శీతాకాలం తీగను నిద్రపుచ్చుతుంది. ఆకంతా రాలి, మోడు మాత్రం మిగిలి, వసంతంలో మళ్ళీ చిగురిస్తుంది. మన వేడినేలలో తీగకు ఆ నిద్ర లేదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఆ విరామాన్ని తన చేత్తో కల్పిస్తాడు. ఏప్రిల్ కత్తిరింపు కొత్త కొమ్మల కోసం, అక్టోబర్ కత్తిరింపు కాపు కోసం. వాతావరణం చేయని పనిని మనిషి చేసి పంట తీయడం చిన్న ఘనత కాదు.

తోటల నుంచి సముద్రానికి వెళ్ళే దారిలో గెర్న్‌విల్ దగ్గర ఆర్మ్‌స్ట్రాంగ్ రెడ్‌వుడ్ వనం ఉంది. ఒక గంట అయినా ఆగవలసిన చోటు. ఇక్కడి పార్సన్ జోన్స్ చెట్టు ఎత్తు 94 మీటర్లు దాటుతుంది. కల్నల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చెట్టు వయసు 1400 ఏళ్ళకు పైమాటే. వేసవిలో ఇక్కడ వాన దాదాపు ఉండదు. మరి ఇంత చెట్టుకు నీరెక్కడిది? మంచు ఆకుల మీద పేరుకుని బొట్టుబొట్టుగా చెట్టు మొదట్లో పడుతుంది. కొంత నీటిని ఆకులే నేరుగా పీల్చుకుంటాయి. రెడ్‌వుడ్ అడవికి ఏడాదిలో అందే నీటిలో సుమారు మూడోవంతు మంచు నుంచి రాలినదేనని శాస్త్రజ్ఞుడు టాడ్ డాసన్ 1998లో చూపించాడు. ఇరవయ్యో శతాబ్ది మొదటితో పోలిస్తే ఈ తీరంలో వేసవి మంచు మూడోవంతు దాకా తగ్గిందని 2010లో ఆయన, సహ పరిశోధకుడు జాన్‌స్టోన్ కలిసి అంచనా వేశారు. ఆ చెట్ల కింద నిలబడి ఈ మాట తలచుకుంటే దిగులు వేస్తుంది.

గాలి దిశ మారినప్పుడు ఏమవుతుందో 2017 అక్టోబర్‌లో సోనోమా కళ్ళారా చూసింది. సముద్రం నుంచి రావలసిన గాలి ఎండిన లోపలి భూముల వైపు నుంచి వేడిగా విరుచుకుపడింది. కాలిస్టోగా దగ్గర రాజుకున్న టబ్స్ అగ్నిప్రమాదం రాత్రికి రాత్రే సాంటా రోసాను చేరింది. 22 మంది చనిపోయారు, వేల ఇళ్ళు బూడిదయ్యాయి. పొగ తగిలితే కాయకు మరో ముప్పు. అందులోని ఫినాల్ పదార్థాలు కాయలోని చక్కెరతో కలిసి దాగి ఉండి, రసం పులిసేటప్పుడు బయటపడి వైన్‌కు బూడిద రుచి తెస్తాయి.

ఆదివారం బొడేగా హెడ్ మీదికి ఎక్కితే కాలి కింద గ్రానైట్ రాయి ఉంటుంది. ఇది ఇక్కడ పుట్టిన రాయి కాదు. వందల కిలోమీటర్ల దక్షిణాన పుట్టి, పసిఫిక్ ఫలకంతో పాటు సాన్ ఆండ్రియాస్ భ్రంశం వెంబడి వాయవ్యంగా జరుగుతూ వచ్చింది. ఉత్తర అమెరికా ఫలకంతో పోలిస్తే పసిఫిక్ ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు కదులుతుంది. మంచును ఆపే తీరపు కొండల వరసలు, మంచును లోపలికి పంపే లోయలు రూపుదిద్దుకున్నది ఈ ఫలకాల రాపిడిలోనే. 1960ల మొదట్లో ఈ బొడేగా హెడ్ మీదే అణు విద్యుత్ కేంద్రం కట్టడానికి గొయ్యి తవ్వారు. స్థానికులు ఎదురు తిరిగారు. గోతిలోనే భ్రంశపు చీలిక బయటపడింది. 1964లో ఆ పని మానుకున్నారు. ఆ గొయ్యి ఇప్పుడు నీటిమడుగు. ప్రజలు చేసిన మంచి పనికి గుర్తుగా దాన్ని తప్పక చూపించాలి.

అప్‌వెల్లింగ్ తెచ్చేది చలి ఒక్కటే కాదు. అడుగునుంచి పైకి వచ్చే చల్లటి నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పుష్కలం. వాటి మీద సూక్ష్మ శైవలాలు, వాటిని తిని రొయ్యజాతి జీవులు, చేపలు, చేపల కోసం సీళ్ళు, పక్షులు. జెన్నర్ దగ్గర రష్యన్ నది సముద్రంలో కలిసే చోట ఇసుక మీద సీళ్ళు పిల్లలతో పడుకుని ఉంటాయి. కనీసం 50 గజాల దూరం నుంచే చూడాలి. మనుషులు దగ్గరికి పోతే తల్లులు బెదిరి నీళ్ళలోకి దూకేస్తాయి, పిల్లలు దిక్కులేనివవుతాయి.

కాలిఫోర్నియా వేసవి కదా అని పెద్దవాళ్ళను నూలుబట్టలతో తీసుకువెళ్ళకండి. స్వెటర్, చెవులకు కప్పుకునే శాలువా కారులో ఉండాలి. తోటల్లో వైన్ రుచి చూసినవాళ్ళు స్టీరింగ్ పట్టవద్దు. చాలా వైనరీలకు ముందే సమయం రాయించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈ తీరం మన విశాఖ రామకృష్ణా బీచ్‌లా కాళ్ళు తడుపుకునే చోటు కాదు. ప్రశాంతంగా కనిపించే ఒడ్డు మీదికి ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి మనిషిని లాక్కుపోతుంది. ఆ చల్లటి నీటిలో పడగానే ఊపిరి అందదు, నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి. ఫొటో కోసమైనా సరే సముద్రానికి వీపు పెట్టి నిలబడకండి, పిల్లల చేయి వదలకండి.