రక్తం పలచబడే మాత్రకు 'అన్‌డూ' బటన్ ఉందా?

పోయినేడు మా చిన్నాయన హిందూపురం నుంచి ధర్మవరం వస్తా పెనుకొండ దగ్గర బండి మీంచి పడ్డాడు. తలకు చిన్న దెబ్బే, బాగానే మాట్లాడుతున్నాడు. ఆస్పత్రిలో డాక్టర్ అడిగారు, "ఏం మందులు వాడతారు?" వాల్వ్ మార్చారు, రోజూ ఒక మాత్ర వేస్కుంటాడు, అంతవరకే తెలుసు. "తెల్ల మాత్ర సార్" అన్నా. బీటెక్ చదివి నేను చెప్పిన జవాబు అదీ! పిన్ని వాట్సాప్‌లో ఫోటో పంపేసరికి ఇరవై నిమిషాలు పోయాయి.

ఇది మన జిల్లాలో చాలా ఇళ్ల కథ. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు కదా. లోహపు వాల్వ్ ఉన్నవాళ్లు జీవితాంతం ఈ మాత్ర వాడాలి. లేకుంటే వాల్వ్ మీద రక్తం గడ్డకడుతుంది.

మరి పేరెందుకు? ఒక్కో మందుకు ఒక్కో విరుగుడు కాబట్టి.

ఒకటి, వార్ఫరిన్, అసిట్రోమ్. ఇవి విటమిన్ కె పనిని అడ్డుకుంటాయి. దాంతో రక్తాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్లు లివర్‌లో సరిగ్గా తయారు కావు. విరుగుడు విటమిన్ కె ఇంజెక్షన్. కానీ లివర్ కొత్తవి తయారు చేయడానికి గంటలు పడుతుంది. అందుకే ప్రాణం మీదికొస్తే తోడుగా పీసీసీ ఇస్తారు. అది రెడీమేడ్ ఫ్యాక్టర్ల మందు, నిమిషాల్లో పని చేస్తుంది. లేకపోతే ప్లాస్మా. దాన్ని కరిగించాలి, గ్రూప్ చూడాలి, టైమ్ పడుతుంది.

రెండు, డాబిగాట్రాన్. దీనికి విటమిన్ కె ఇచ్చినా లాభం లేదు. ఇడారుసిజుమాబ్ అని ప్రత్యేక విరుగుడు ఉంది, 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మూడు, అపిక్సబాన్, రివరాక్సబాన్. వీటికీ విటమిన్ కె పని చేయదు. సీరియస్ బ్లీడింగ్ అయితే చాలాచోట్ల పీసీసీనే వాడతారు. చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో ఇక్కడ చాలా ముఖ్యం.

ఇంకో మాట. అన్‌డూ కొడితే గడ్డకట్టే ప్రమాదం మళ్లీ వస్తుంది. అందుకే ప్రతి చిన్న గాయానికీ విరుగుడు ఇవ్వరు. అది డాక్టర్ తేల్చాల్సిన లెక్క.

చిన్నాయనకు స్కాన్‌లో తల లోపల కొంచెం రక్తం కనిపించింది. విటమిన్ కె, ప్లాస్మా ఇచ్చి బెంగళూరు పంపారు. ఇప్పుడు మళ్లీ మగ్గం మీద కూర్చుంటున్నాడు.

ఇప్పుడే ఫోన్ తీయండి. ఇంట్లో ఎవరైనా ఈ మాత్రలు వాడుతుంటే స్ట్రిప్ ఫోటో తీసుకోండి. వాళ్ల ఫోన్ ఎమర్జెన్సీ ఇన్ఫోలో మందు పేరు, డోసు రాయండి. సొంతంగా మాత్ర మాత్రం ఆపొద్దు. తలకు దెబ్బ తగిలితే బాగానే ఉన్నారు కదా అని ఇంట్లో కూర్చోబెట్టొద్దు. 108కి కాల్ చేయండి, ఈ మాత్ర వాడుతున్నారని ముందే చెప్పండి.

నాలాగా "తెల్ల మాత్ర సార్" అని మాత్రం అనొద్దు.