షుగరుకు జింకు మందా?

మొన్న మా పిన్నిని చూడ్డానికి వెళితే బల్లమీద కొత్త సీసా కనిపించింది. "జింకు మాత్రలే! షుగరుకు మంచివట. ఇవి మొదలెట్టాక రాత్రి వేసుకునే పాత మాత్ర మానేశాను" అంది ధీమాగా. నా గుండె గుభేలుమంది. "ఎవరు చెప్పారు పిన్నీ?" అంటే, "పక్కింటావిడ" అంది.

పక్కింటావిడ మాటలో కొంత నిజం లేకపోలేదు. మన క్లోమం ఇన్సులిన్‌ను దాచుకునేది జింకు సాయంతోనే. రక్తంలో చక్కెర పెరిగితే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ ఎక్కువగా పుడతాయి. ఇనుముకు తుప్పు పట్టినట్టు అవి కణాలను దెబ్బతీస్తాయి. వాటిని అడ్డుకునే ఒక ముఖ్యమైన ఎంజైము పనిచేయాలంటే జింకు, రాగి రెండూ కావాలి. షుగరు అదుపు తప్పినవారికి మూత్రంలో జింకు ఎక్కువగా పోతుంది కూడా.

మరి మాత్రలు మింగితే తప్పేమిటి? జింకు మరీ ఎక్కువైతే ఒంటికి రాగి సరిగ్గా అందదు. రెండూ జోడెద్దుల్లాంటివి. ఒకదాన్ని మేపి ఇంకోదాన్ని పస్తు పెడితే బండి కదలదు. లోపం ఉందని డాక్టరు చెబితేనే ఆ మాత్రలు వేసుకోవాలి. అప్పుడైనా అవి షుగరు మందుకు బదులు కావు. చక్కెర అదుపులో ఉంటేనే జింకు పోవడమూ తగ్గుతుంది.

2020 నాటి మన దేశపు సిఫారసుల ప్రకారం రోజుకు మగవారికి 17, ఆడవారికి 13.2 మిల్లీగ్రాముల జింకు కావాలి. పప్పులు, నువ్వులు, గుమ్మడి గింజలు, గుడ్లు, మాంసంలో అది దొరుకుతుంది. అయితే ధాన్యాల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్లు జింకును పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా వాటి పట్టు సడలుతుంది. మన అమ్మమ్మలు పెసలకు మొలకలు రప్పించడం, ఇడ్లీపిండిని రాత్రంతా పులవనివ్వడం రుచికే అనుకున్నాం కదూ! అలాగని ఇడ్లీలు లెక్కలేకుండా తినమని కాదు. ఒకటి తగ్గించి, మొలకల పెసరట్టో, కూరలో కాస్త నువ్వులపొడో చేర్చుకోండి. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం పప్పులు, గింజలు ఎంత తినాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

పిన్నిని ఆ సాయంత్రమే డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లాను. చీవాట్లు పడ్డాయి. రాత్రి మాత్ర మళ్లీ మొదలైంది.

మీ ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ల మందుల డబ్బా కూడా ఓసారి తెరిచి చూడండి. కొత్తగా ఏం చేరిందన్నదే కాదు, ఏది మానేశారో కూడా అడగండి.