తుంటి నొప్పి – ఆలస్యము తగదు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే యువకుడు మొదలుకొని, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధులలో చేతికర్రతో నడిచే వృద్ధుని వరకు అందరి బరువునూ మోసేది తుంటి కీలు. తొడ ఎముక పైకొనన గల గుండ్రని తల, కటి ఎముకలోని గిన్నెవంటి గుంటలో తిరుగుతుంటుంది. నడిచేటప్పుడు ఈ కీలుపై శరీర భారానికి రెండున్నర, మూడు రెట్ల ఒత్తిడి పడుతుంది.

ఈ కీలు నొప్పి తరచు గజ్జలలోను, తొడలోను, ఒక్కొక్కప్పుడు మోకాలిలోను తెలుస్తుంది. అందుచేత రోగి మోకాలికి తైలం రాసుకొంటూ, విలువైన కాలాన్ని పోగొట్టుకొంటాడు. ముఖ్యమైన మూడు రుగ్మతలను ఇక్కడ వివరించదలచినాము.

మొదటిది అరుగుదల. ఎముకల కొనలను కప్పియుండే నునుపైన మృదులాస్థి వయస్సుతో అరిగి, ఎముకకు ఎముక రాసుకొంటుంది. రెండవది, ఎముక తలకు రక్తప్రసారం తగ్గి అది క్రమంగా కుంగిపోవుట. ఇది యువకులకూ వస్తుంది. మితిమీరిన మద్యపానం, అధిక మోతాదులో స్టెరాయిడ్ల వాడకం దీనికి ముఖ్య కారణాలు. తొలిదశలో ఎక్స్‌రేలో కనబడకపోయినా ఎం.ఆర్.ఐ. పరీక్షలో బయటపడుతుంది. మూడవది, వృద్ధులు జారిపడినపుడు తొడ ఎముక మెడ విరుగుట.

చికిత్స దశనుబట్టి మారుతుంది. తల కుంగకముందే గుర్తించినచో, ఎముకలో రంధ్రం చేసి లోపలి ఒత్తిడిని తగ్గించి, సొంత కీలును కాపాడుకొనుటకు అవకాశమున్నది. విరిగిన ఎముక తొలగకుండా ఉంటే మరలతో బిగిస్తారు. వృద్ధులలో అది తొలగినచో తలను గాని, కీలునంతటిని గాని మార్చవలసి వస్తుంది. ఇట్టి శస్త్రచికిత్స ఒకటి, రెండు రోజులలోనే జరుగుట మేలు. మంచంపై గడచే ప్రతిదినమూ న్యుమోనియా, పుండ్లు మున్నగు ప్రమాదాలను పెంచుతుంది.

పూర్తిగా అరిగిన కీలుకు మార్పిడియే మార్గం. ఆంగ్ల వైద్యుడు జాన్ చార్న్‌లీ 1962లో లోహపు తలను, గట్టి ప్లాస్టిక్ గిన్నెను జోడించి దీనికి నేటి రూపమిచ్చినాడు. ఇట్టి కీళ్లలో అధికభాగం 15, 20 సంవత్సరాలకు మించి పనిచేస్తున్నవి.

“ఆపరేషను తరువాత నేలపై కూర్చుండలేము, నమాజు ఎట్లు?” అని పెద్దలు వెనుకాడుట కద్దు. అశక్తులు కుర్చీపై కూర్చుండి నమాజు చేయవచ్చునని మతమే అనుమతించినది. నొప్పిని దాచుకొనుట ఏ ధర్మమూ కోరదు.

కావున విద్యార్థులారా! వైద్యుని సలహా లేనిదే స్టెరాయిడ్లు వాడకండి. ఇంటిలోని పెద్దలు కుంటుచున్నచో “వయస్సు మీరినది” అని ఊరకుండక, ఎముకల వైద్యునికి చూపించండి.