వెనక కుంగితే ముందు కొలవాలి

ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎత్తే రైతు కాడి మీద ఒక కన్నేసి ఉంచుతాడు. బరువు వెనక్కి జరిగితే కాడి పైకి లేస్తుంది, మరీ ముందుకొస్తే ఎడ్ల మెడ వాలిపోతుంది. అమెరికాలో పికప్‌కు క్యాంపర్ ట్రైలర్ తగిలించి కుటుంబంతో సెలవులకు బయల్దేరే వారికీ ఆ చూపే కావాలి. అక్కడ కాడి స్థానంలో ఉండేది బాల్ హిచ్. దాని మీద పడే భారమే టంగ్ వెయిట్.

600 పౌండ్లు 900 ఎలా అవుతాయి?

టంగ్ వెయిట్ సామానుతో సహా ట్రైలర్ మొత్తం బరువులో 10–15 శాతం ఉండాలి. 5,000 పౌండ్ల ట్రైలర్‌కు అది 500 నుంచి 750 పౌండ్లు. అంతకంటే తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మన లెక్కకు 600 తీసుకుందాం.

పికప్ రెండు ఇరుసుల మధ్య దూరం 120 అంగుళాలు, వెనక ఇరుసు నుంచి బాల్‌కు 60 అంగుళాలు అనుకోండి. బాల్ మీద పడిన 600 పౌండ్లు వెనక ఇరుసును ఆసరా చేసుకుని బండి ముందు భాగాన్ని పైకెత్తుతాయి. 600ను 60తో గుణించి 120తో భాగిస్తే 300. ముందు ఇరుసు 300 పౌండ్లు పోగొట్టుకుంటే, వెనక ఇరుసు మీద 900 పడతాయి.

చూసేవారికి వెనక కుంగడమే కనిపిస్తుంది. అసలు ప్రమాదం ముందుంది. స్టీరింగ్ తిప్పేదీ, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం మోసేదీ ముందు చక్రాలే. వాటికే పట్టు తగ్గుతుంది.

బార్లు చేసే పని

ఆ పట్టును తిరిగి తెచ్చేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. అందులో రెండు ఉక్కు స్ప్రింగ్ బార్లు ట్రైలర్ ముందు చట్రం కిందుగా వెనక్కి వెళ్తాయి. వాటిని గొలుసులతోనో బ్రాకెట్లతోనో బిగిస్తే పలుగుతో ఎత్తినట్టు పని చేసి, వెనక ఇరుసు మీది భారంలో కొంత ముందుకూ, కొంత ట్రైలర్ ఇరుసులకూ పంచుతాయి. బాల్ నుంచి ట్రైలర్ ఇరుసులకు 180 అంగుళాలుంటే లెక్క ఇదీ (పౌండ్లలో):

- బార్లు లేకుండా: ముందు −300, వెనక +900, ట్రైలర్ 4,400
- ముందు పోయిన 300లో సగం తిరిగొస్తే: ముందు −150, వెనక +675, ట్రైలర్ 4,475
- పూర్తిగా తిరిగొస్తే: ముందు 0, వెనక +450, ట్రైలర్ 4,550

ఏ వరుస కూడినా 5,000 వస్తుంది. బరువు ఎక్కడికీ పోదు, చోటు మారుతుందంతే.

టేపుతో మూడు కొలతలు

ప్రయాణానికి సర్దినట్టే సామాను, నీళ్లు నింపి, చదునైన నేల మీద నిలపండి. ట్రైలర్ తగిలించకముందు, నేల నుంచి ముందు చక్రం పైనున్న బాడీ అంచు వరకు కొలవండి: 36 అంగుళాలు అనుకుందాం. బార్లు లేకుండా తగిలించి కొలిస్తే 37½. బార్లు బిగించాక సగం దిగితే 36¾.

సగమా, పూర్తిగానా అన్నది మీ వాహనం మాన్యువల్ చెబుతుంది. కొన్ని సగం చాలంటాయి, కొన్ని పూర్తిగా కోరతాయి. మొదటి కొలత కంటే కిందికి మాత్రం దించకూడదు. అలా దించితే వెనక చక్రాల పట్టు తగ్గి, మలుపులో బండి వెనక భాగం జారే ముప్పుంది.

దిగింది చాలకపోతే గొలుసును ఒక లింకు దగ్గరకు తీయాలి, లేదా హిచ్ తలను ఇంకాస్త వెనక్కి వంచాలి. బాల్‌ను పట్టుకునే కప్లర్‌కు గొళ్లెం పడ్డాక జాక్‌తో ట్రైలర్ ముందు భాగాన్నీ, పికప్ వెనక భాగాన్నీ కలిపి పైకెత్తితే బార్లు తేలిగ్గా ఎక్కుతాయి. బలవంతంగా ఎక్కిస్తే బ్రాకెట్ ఎగిరి చేతికి తగలొచ్చు.

హైవే పక్క ట్రక్ స్టాపుల్లోని క్యాట్ స్కేల్ మీద పికప్‌ను ఒంటరిగా, బార్లు లేని ట్రైలర్‌తో, బార్లు బిగించాక మూడుసార్లు తూకం వేస్తే ఏ ఇరుసు మీద ఎంతుందో కాగితం మీదే తేలిపోతుంది.

ఈ హిచ్ చేయలేనివి

ఇది వాహనం లాగే సామర్థ్యాన్ని పెంచదు. పికప్‌కు హిచ్ అమర్చే రిసీవర్ మీది స్టిక్కర్‌లో రెండు జతల అంకెలుంటాయి. ఉదాహరణకు మామూలు హిచ్‌కు 5,000/500, ఈ హిచ్‌కు 10,000/1,000. మొదటిది ట్రైలర్ బరువు, రెండోది టంగ్ వెయిట్. వాహనం పరిమితి అంతకంటే తక్కువైతే దానికే కట్టుబడాలి. తోక ఊపుడును ఆపే ఏర్పాటు కొన్ని హిచ్‌లలో కలిసే వస్తుంది, కొన్నింటికి విడిగా కొనాలి.

మొదటి కొలతను డ్రైవర్ తలుపు లోపలి వైపు రాసి అంటించండి. సామాను మారిన ప్రతిసారీ టేపు తీసి ముందు చక్రం దగ్గర కూర్చోండి. వెనక సీట్లో పిల్లలు ఎక్కేలోపే అయిపోయే పని అది.