డెంగ్యూ కాదు... డెంగీ!

వానాకాలం వచ్చిందంటే చాలు, ఊరూవాడా వినిపించే పేరది. ఒకరు డెంగ్యూ అంటారు. మరొకరు డెంగూ అంటారు. అసలు పలకాల్సింది మాత్రం... డెంగీ!

తికమకంతా స్పెల్లింగులోనే ఉంది. చివర్లో 'జి' పక్కన 'యు' కనిపించేసరికి 'గ్యూ' అనేస్తుంటారంతా. కానీ ఇంగ్లిషులోకి ఈ పదం స్పానిష్ నుంచి వచ్చింది. ఆ భాషలో అక్కడి 'యు'ని పలకరు. 'జి'ని 'గ'లా పలకాలని గుర్తుచేయడమే దాని పని. గిటార్ స్పెల్లింగులోనూ అదే 'యు' ఉంది. దాన్నెవరూ గ్యూటార్ అనరు కదా!

మరి ఆ పేరుకి అర్థమేంటి? తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీలో 'కిడింగా పెపో' అంటే, దుష్టశక్తి సోకి ఒళ్లు ఒక్కసారిగా బిగుసుకుపోవడం. డెంగీకి మూలం అదేనని చాలామంది నమ్మకం. 1827-28లో కరీబియన్ దీవుల్లో ఈ జ్వరం విజృంభించింది. ఒళ్లునొప్పులతో నడుం వంచలేక, బిర్రబిగుసుకుని నడిచేవాళ్లని చూసి దీన్ని 'డాండీ ఫీవర్' అన్నారు. డాండీ అంటే సోకులరాయుడు! స్పానిష్‌వాళ్ల నోట అది 'డెంగే' అయింది. వాళ్ల భాషలో ఆ మాటకు వయ్యారాలు పోవడమనే అర్థం కూడా ఉంది. అంతకుముందు 1780లో ఫిలడెల్ఫియాలో ఇలాంటి జ్వరాన్నే చూసిన డాక్టర్ బెంజమిన్ రష్, జనం దాన్ని 'బ్రేక్‌బోన్ ఫీవర్' అంటున్నారని రాశారు. అంటే, ఎముకలు విరిచే జ్వరం.

ఇన్ని పేర్లూ చెప్పేది నొప్పుల గురించే. కానీ అసలు ప్రమాదం పొంచి ఉండేది జ్వరం తగ్గాక. సాధారణంగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం దిగుతుంది. కొందరికి సరిగ్గా అప్పుడే రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి ఊరడం మొదలవుతుంది. అందుకే 'హమ్మయ్య, జ్వరం తగ్గింది' అని ఊరుకోకూడదు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆస్ప్రిన్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు సొంతంగా అసలే వేసుకోకూడదు.

ఈ వైరస్‌ని మోసుకొచ్చే ఏడిస్ ఈజిప్టై దోమ పగటిపూట కుడుతుంది. గుడ్లు పెట్టడానికి మురుక్కాలువలే అక్కర్లేదు. కూలర్లూ పూలకుండీల పళ్లాలూ పాత టైర్లూ కొబ్బరి చిప్పల్లో నిలిచిన మంచినీళ్లే దానికి ఇష్టం. గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు చాలు.

కాబట్టి నోరు తిరక్క డెంగ్యూ అన్నా ఫర్వాలేదు. వారానికోసారి ఆ నీళ్లు పారబోయడం మాత్రం మర్చిపోవద్దు!