ఎత్తెక్కేటప్పుడు బ్రేకు ఎందుకు రాసుకుంటుంది?

కృష్ణా డెల్టాలో సైకిలు తొక్కేవాళ్ళకి ఎత్తంటే ఏమిటో అంతగా తెలియదు. విజయవాడ నుంచి కంకిపాడు మీదుగా ఉయ్యూరు దాకా వెళ్ళినా నేల అరచేయిలా పరుచుకునే ఉంటుంది. వన్ టౌన్ పిల్లల సంగతి వేరు. వాళ్ళకి ఇంద్రకీలాద్రి, గాంధీ కొండ ఇళ్ళ నెత్తిమీదే ఉంటాయి. కొండ పక్క వీధుల్లో సీటు మీంచి లేచి నిలబడి తొక్కితే తప్ప బండి కదలదు.

అలా నిలబడి తొక్కుతున్నప్పుడు చక్రం దగ్గర “చిస్... చిస్...” అని చప్పుడు రావడం మీరు వినే ఉంటారు. ఒక్కో తొక్కుకి ఒక్కో “చిస్”. బ్రేకు రబ్బరు రిమ్ముకి రాసుకుంటోందన్నమాట. దిగి, చక్రం పైకెత్తి తిప్పి చూస్తే ఎక్కడా తగలదు! చదునైన రోడ్డు మీద కూర్చుని తొక్కినా చప్పుడుండదు. మరి ఎత్తులోనే ఎందుకు?

నిలబడి తొక్కేటప్పుడు మీరేం చేస్తారో గమనించండి. కుడికాలితో పెడలు నొక్కుతూ, కుడిచేత్తో హ్యాండిల్‌ని పైకి లాగుతారు. సైకిలు ఎడమవైపు వాలుతుంది. మరుక్షణం ఎడమకాలు నొక్కుతారు, సైకిలు కుడివైపు వాలుతుంది. మీ శరీరం మాత్రం ఇంచుమించు మధ్యలోనే ఉంటుంది. మీ బరువు నిలువుగా కిందికి దిగుతుంది, నేల దాన్ని నిలువుగా పైకి నెడుతుంది. కాని చక్రం నిలువుగా లేదే! అందువల్ల ఆ బలంలో కొంత భాగం చక్రాన్ని పక్కకి నెడుతుంది.

ఎంత భాగం? మీరూ సైకిలూ కలిసి 65 కిలోలు అనుకుందాం. అందులో సగం వెనక చక్రం మీద పడితే సుమారు 320 న్యూటన్లు. సైకిలు 10 డిగ్రీలు వాలితే, సైన్ 10 విలువ 0.17 కనక, పక్క నెట్టుడు సుమారు 54 న్యూటన్లు. అంటే ఐదున్నర కిలోల బరువు రిమ్ముని అడ్డంగా లాగినట్టే.

మలుపులో కూడా సైకిలు వాలుతుంది కదా, అప్పుడు చప్పుడు రాదేం అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. మలుపులో మీరూ సైకిలూ కలిసి వాలుతారు. నేల నుంచి వచ్చే బలం చక్రం తలంలోనే ఉంటుంది. పక్క నెట్టుడు దాదాపు ఉండదు.

సైకిలు చక్రం పైనుంచి వచ్చే బరువుకి గట్టిదేగాని, పక్కబలానికి బలహీనమైనది. రిమ్ముని మధ్యలో నిలబెట్టేవి సన్నటి చువ్వలు, షాపువాళ్ళ మాటలో స్పోకులు. పెద్ద సైకిలుకి ముందు 32, వెనక 40 ఉంటాయి. హబ్బుకి రెండు పక్కల నుంచీ బయలుదేరి, డేరాకి కట్టిన తాళ్ళలా రిమ్ముని అటూ ఇటూ లాగి ఉంచుతాయి. హబ్బు వెడల్పు కొద్ది సెంటీమీటర్లే గనక ఈ తాళ్ళకి ఏటవాలు తక్కువ, పక్కకి పట్టు తక్కువ. గేర్ల సైకిలైతే కుడివైపు పళ్ళచక్రాలకి చోటు వదలాలి. అందుకని ఆ పక్క చువ్వలు మరీ నిటారుగా, ఎడమ పక్కవి తక్కువ తన్యతతో ఉంటాయి. ఒకటి రెండు మిల్లీమీటర్లు జరగడానికి అంతకంటే ఏం కావాలి?

ఇక్కడ అసలు తమాషా ఉంది. నేల నెట్టేది చక్రం అడుగున, బ్రేకు ఉండేది పైన. అడుగున నెడితే పైన ఎందుకు తగలాలి? ఇంట్లో ఒక గ్లాసు బోర్లించి, దాని మీద స్టీలు కంచం పెట్టండి. ఒక అంచు నొక్కండి. ఎదుటి అంచు పైకి లేస్తుంది. ఇప్పుడు కంచం బదులు విస్తరాకు పెట్టి నొక్కండి. నొక్కిన చోటే వంగుతుంది, ఎదుటి అంచు అంతగా కదలదు. రిమ్ము కూడా అంతే. గట్టి రిమ్ము కంచంలాంటిది. అడుగు కుడివైపు జరిగితే పైభాగం ఎడమవైపు జరిగి ఎడమ రబ్బరుకి తగులుతుంది. మెత్తని రిమ్ము విస్తరాకులా అడుగునే వంగి ఊరుకుంటుంది. అందుకే ఖరీదు పెట్టి గట్టి రిమ్ములు, తక్కువ చువ్వలు ఉన్న రేసు సైకిలు కొన్నవాళ్ళకి ఒక్కోసారి చప్పుడు ఎక్కువవుతుంది. ఖరీదైన వస్తువు అన్నింటా మేలైనదని మనం అనుకుంటాం గాని, భౌతికశాస్త్రానికి ధరల పట్టిక తెలియదు.

మన పాత కడ్డీ బ్రేకుల సైకిళ్ళకి ఈ బాధ తక్కువ. వాటి రబ్బర్లు రిమ్ము పక్కల్ని పట్టకారులా పట్టవు, లోపలి అంచుని నొక్కుతాయి. రిమ్ము కాస్త పక్కకి జరిగినా రబ్బరుకీ దానికీ మధ్య సందు మారదు. ఆ సైకిళ్ళకి వచ్చేది మరో జబ్బు. వెనక ఇరుసు నట్లు వదులైతే, గట్టిగా తొక్కినప్పుడు చైను ఇరుసు కుడికొసని ముందుకి లాగేస్తుంది. చక్రం ముందుభాగం ఎడమవైపు తిరిగి టైరు ఫ్రేముకే రాసుకుంటుంది. పానాతో రెండు బిగింపులు బిగిస్తే సరి.

ఇక వైద్యం. చాలామంది చేసేది ఒకటే, బ్రేకు తీగ వదులు చేసి రబ్బర్లని దూరం జరపడం. చప్పుడు పోతుంది. కాని ఎక్కినవాడు దిగాలి కదా! దుర్గగుడి ఘాట్ రోడ్డులాంటి వాలుమీద 15 మీటర్లకి ఒక మీటరు చొప్పున దిగుతున్నారనుకోండి. మిమ్మల్ని కిందికి లాగే బలం సుమారు 42 న్యూటన్లు. బ్రేకు పట్టకపోతే గాలి, టైర్ల ఘర్షణ ఎంత అడ్డుకున్నా వేగం గంటకి 40 కిలోమీటర్ల దాకా పోతుంది. అప్పుడు మీట హ్యాండిల్‌కి ఆనేదాకా నొక్కినా రబ్బరు సగం సగం తగిలితే? రాపిడి వల్ల నష్టం నిజానికి మనం భయపడేంత ఉండదు. తగిలేది ఒక్కో తొక్కులో కాసేపే, చెవికి వినిపించేంత శక్తి కాలికి పోదు. రెంటిలో ఒకటే ఎంచుకోమంటే నేను చప్పుడునే ఎంచుకుంటాను.

సరైన పద్ధతి చక్రం దగ్గర మొదలవుతుంది. బ్రేకు దగ్గర రిమ్ముని వేళ్ళతో పట్టి అటూ ఇటూ కదపండి. టకటకమని ఆడితే హబ్బులో కోన్లు వదులైనట్టు, బిగించాలి. ఆడకపోతే చక్రం పైకెత్తి తిప్పుతూ, రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు చూడండి. ఒకచోట సన్నబడి ఒకచోట వెడల్పయితే బెండు ఉన్నట్టు. తరవాత చువ్వల్ని వీణ తీగల్లా గోటితో మీటండి. ఒకే పక్క చువ్వలు ఇంచుమించు ఒకే శ్రుతిలో మోగాలి. బొంగురుగా పలికినది వదులుగా ఉంది. బెండు తీసే పనివాళ్ళు కొందరు కంటితో కంటే చెవితోనే ఎక్కువ పని చేస్తారు. ఆ బిగింపు మాత్రం వాళ్ళకే వదలండి. ఒక చువ్వ బిగిస్తే నాలుగు చోట్ల తేడా వస్తుంది.

చక్రం కుదిరాక బ్రేకుని మధ్యకి తెచ్చి, రెండు పక్కలా సుమారు రెండేసి మిల్లీమీటర్లు సందు ఉంచండి. ఇంత చేసినా నిటారు ఎత్తులో ఎప్పుడైనా ఒక “చిస్” వినబడితే, గేరు తగ్గించి కూర్చుని తొక్కి చూడండి. సైకిలు వాలదు, రిమ్ము జరగదు.